ఆఫీసులో ఒకరి దగ్గు అందరికీ అంటకుండా ఏం చెయ్యాలి

వానలు పడితే చాలు ఆఫీసులో ఒకరు దగ్గడం మొదలెడతారు, వారం తిరిగేసరికి సగం టీమ్ మంచంలో. దానికి హెచ్ఆర్ వాళ్ల మందు ఏంటంటే గుమ్మం దగ్గర ఒక శానిటైజర్ బాటిల్, ఒక మెయిల్. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి, కాదనట్లేదు, కానీ ఫ్లూ, కోవిడ్ లాంటివి బాగా పాకేది మూసిన గదిలో పీల్చే గాలితోనే, కాబట్టి ముందు దాని సంగతి చూడాలి.

2020లో సియోల్‌లో ఒక కాల్ సెంటర్ ఫ్లోర్‌లో 216 మంది ఉంటే 94 మందికి కోవిడ్ వచ్చింది. లిఫ్టులు, లాబీ బిల్డింగ్ మొత్తం వాడుకునేవే, అయినా మిగతా ఫ్లోర్లలో బయటపడింది 3 కేసులే. పక్కపక్కన కూర్చుని గంటల తరబడి మాట్లాడటమే కొంప ముంచింది.

మన దగ్గర చిన్న ఆఫీసుల్లో ఉండేవి స్ప్లిట్ ఏసీలు, అవి బయటి గాలి తేవు, లోపలున్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి. అందుకే ఏసీ నడుస్తున్నా ఒక కిటికీ కొంచెం తెరిచి పెట్టి, ఎదురు వైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి, కరెంటు బిల్లు పెరుగుతుంది నిజమే, పదిమంది లీవులో ఉంటే అయ్యే నష్టం కూడా లెక్కేసుకోండి మరి. తెరవడానికి కిటికీలే లేని అద్దాల బిల్డింగ్ అయితే ఫెసిలిటీ వాళ్లని రెండు అడగండి: బయటి గాలి ఎంత లోపలికి వదులుతున్నారు, ఫిల్టర్ మెర్వ్ 13 (సన్నటి కణాల్ని కూడా బాగా పట్టే రకం) పెట్టొచ్చా.

మనం ఊపిరితో వదిలేది కార్బన్ డయాక్సైడే కాబట్టి, గాలి ఆడుతుందో లేదో దాని మీటర్ చెప్పేస్తుంది. బయట 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి 420) దగ్గర్లో ఉంటుంది, మీటింగ్ రూమ్‌లో 800 దాటకుండా చూసుకోండి, దాటితే తలుపు తెరవండి, లేదా మీటింగ్ ముగించండి (అదీ మంచిదే).

కిటికీ కుదరని చోట హెపా ప్యూరిఫైయర్ (గాలిలోని సన్నటి కణాల్ని ఫిల్టర్‌తో పట్టేసే మెషీన్) పెట్టాలి. 12 అడుగులు పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు రూమ్ అంటే 34 క్యూబిక్ మీటర్లు, గంటకి 5 సార్లు శుభ్రమైన గాలి అందాలనేది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క, అంటే సీఏడీఆర్ (మెషీన్ గంటకి ఇచ్చే శుభ్రమైన గాలి) 170 క్యూబిక్ మీటర్లు కావాలి. ఆ నంబర్ ఫుల్ స్పీడ్‌లో వచ్చేది, సౌండ్ భరించలేక ఎవరో ఒకరు తగ్గించేస్తారు, అందుకే కొంచెం పెద్దదే కొనండి. ప్యూరిఫైయర్ కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించదు, మీటర్ కిందికి రావట్లేదని కంగారు పడకండి.

ఇక మనుషుల సంగతి. డోలో వేసుకుని ఆఫీసుకొచ్చేవాళ్లని మెచ్చుకోవడం మానాలి. టాబ్లెట్ లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే, మిగతా లక్షణాలు కూడా తగ్గుతుంటే అప్పుడు రమ్మనండి, తర్వాత 5 రోజులు మాస్క్, ఎన్95 అయితే మేలు, అంచుల్లో సందు లేకుండా. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లకి లీవు పెడితే జీతం కట్ అవుతుందంటే వాళ్లు జ్వరంతోనే వస్తారు, ఆ కాంట్రాక్టర్‌తో మాట్లాడకుండా ఎన్ని రూల్స్ పెట్టినా దండగే.

లంచ్‌కి అందరూ ఒకేసారి ప్యాంట్రీలో దూరకుండా బ్యాచ్‌లు పెట్టండి. ఫ్లూ వ్యాక్సిన్ ప్రతి ఏడాదీ వేయించుకోవాలి, పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఆఫీసులో క్యాంప్ పెట్టించేదేదో వానాకాలం రాకముందే పెట్టించండి, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగి ముందు వేయించుకోవాలి.