లిస్టు గడువు అయిపోయిందంటే ఇంక అంతేనా? రాయగడ, గజపతి వైపు సర్కారీ ఉద్యోగాలకి రాసే మన పిల్లలకి

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు పిల్లలు కష్టపడి ఓఎస్ఎస్ఎస్‌సీ, ఓఎస్ఎస్‌సీ అనే ఒడిశా సర్కారు ఉద్యోగాల ఎంపిక కమిషన్ల పరీక్షలు రాస్తారు, లిస్టులో పేరు వస్తుంది, ఇంట్లో అందరికీ చెప్పుకుంటారు, ఆ తర్వాత ఇవాళో రేపో ఆర్డర్ వస్తుందని నెలల తరబడి కూర్చుంటారు, చివరికి ఆఫీసుకి వెళ్తే "లిస్టు వాలిడిటీ అయిపోయింది బాబూ, కొత్త నోటిఫికేషన్‌కి అప్లై చేసుకో" అంటారు. వీళ్ళు సరేనని తిరిగొచ్చేస్తారు. ఆ మాట కొన్నిసార్లు నిజమే, కొన్నిసార్లు కాదు. ఏది ఎప్పుడు నిజమో తెలియకపోవడం వల్ల ఎంతోమంది నష్టపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు చేదు మాట చెప్పేస్తా. లిస్టులో పేరు ఉన్నంతమాత్రాన ఉద్యోగం మీ హక్కు అయిపోదు. 1991లో శంకర్సన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ ఇదే చెప్పింది. ఖాళీలు ఉన్నా సర్కారు అన్నీ నింపి తీరాలని లేదు. కానీ ఆఫీసుల్లో ఈ సగమే చెప్తారు, అదే తీర్పులో రెండో సగం ఉంది: నింపకపోతే దానికి సరైన కారణం ఉండాలి, ఇష్టారాజ్యంగా ఆపడానికి వీల్లేదు. 2024 నవంబర్‌లో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో మళ్ళీ ఐదుగురు జడ్జీలు ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పారు, ఖాళీ ఉంది, లిస్టులో మీ వంతు వచ్చింది అంటే కారణం లేకుండా మిమ్మల్ని కాదనకూడదు అని. అంటే మన చేతిలో ఉన్నది ఉద్యోగం హక్కు కాదు, న్యాయంగా చూడమని అడిగే హక్కు. కేసు మొత్తం దీని మీదే నడుస్తుంది కాబట్టి ఈ తేడా మనసులో పెట్టుకోండి.

వెయిటింగ్ లిస్టు సంగతి ఇంకొంచెం సన్నం. సెలెక్ట్ అయినవాళ్ళు ఎవరైనా జాయిన్ కాకపోతే ఆ సీటుకి మాత్రమే వెయిటింగ్ వాళ్ళని పిలుస్తారు, కొత్తగా పుట్టిన ఖాళీలకి కాదు. గుజరాత్ ఇంజనీర్ల కేసులో 1994లోనే ఇది తేలిపోయింది. ఒక లెక్క చూడండి. నోటిఫికేషన్‌లో 40 పోస్టులు అనుకోండి, 40 మందిని తీసుకున్నారు, అందులో ముగ్గురు చేరలేదు, మీది వెయిటింగ్ 2. మీకు వచ్చేసినట్టే అనిపిస్తుంది కదా, కానీ చేరని ముగ్గురూ ఏ కేటగిరీ? మీరు ఎస్ఈబీసీ (ఒడిశాలో బీసీ కేటగిరీ)లో వెయిటింగ్ 2, చేరని ముగ్గురిలో ఎస్ఈబీసీ ఒక్కరే అయితే మీ ముందున్న మనిషి దగ్గరే ఆగిపోతుంది. చేరని ఇద్దరు ఎస్ఈబీసీ అయితే మీ వంతు వచ్చినట్టే. మరి అదే జిల్లాలో తర్వాత ఏడాది రిటైర్మెంట్ల వల్ల ఇంకో 10 ఖాళీలు వచ్చాయి, వాటికి మమ్మల్ని తీసుకోండి అంటే కుదరదు. ఒడిశాలోనే జిల్లా ఆఫీసుల జూనియర్ క్లర్క్ పోస్టుల మీద రాజకిశోర్ నందా కేసు వచ్చింది, 2010లో సుప్రీంకోర్టు లిస్టుని నీళ్ళ ట్యాంకులా దాచుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు తోడుకోకూడదు, గడువు దాటాక దాంట్లోంచి అపాయింట్‌మెంట్లు ఇవ్వకూడదు అని తేల్చింది. మన వకీలు కోర్టులో నిలబడితే సర్కారు వకీలు మొదట తీసే తీర్పు ఇదే.

కాబట్టి మొదటి పని, మీ లిస్టు ఎప్పటివరకు చెల్లుతుందో కాగితం మీద కనుక్కోవడం. నోటిఫికేషన్‌లో ఉంటుంది, లేకపోతే రిజల్ట్ నోటీసు అడుగున ఉంటుంది, అక్కడా లేకపోతే ఆ పోస్టు సర్వీస్ రూల్స్‌లో ఉంటుంది. చాలా చోట్ల ఏడాది, లేదా తర్వాతి నోటిఫికేషన్ వచ్చేదాకా, ఏది ముందైతే అది అన్నట్టు రాస్తారు, కానీ ఒక పోస్టుది ఇంకో పోస్టుకి సరిపోదు, ఫ్రెండ్ చెప్పాడని నమ్మొద్దు. ఏడాది అన్నా ఏ తేదీ నుంచి లెక్క అన్నది చూడండి, లిస్టు బయటపెట్టిన రోజా, డిపార్ట్‌మెంట్ ఒప్పుకున్న రోజా. అటు శ్రీకాకుళం, మన్యం వైపు ఆంధ్రా ఉద్యోగాలకి కూడా రాసేవాళ్ళు ఉంటారు కదా, అక్కడ టీచర్ పోస్టుల రూల్స్‌లో అసలు వెయిటింగ్ లిస్టే లేదు, ఎవరైనా చేరకపోతే ఆ పోస్టు తర్వాతి నోటిఫికేషన్‌కి వెళ్ళిపోతుంది. వల్లంపాటి సతీశ్ బాబు కేసులో 2022లో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. అలాంటి రూలు ఉన్నచోట కోర్టుకి వెళ్ళి డబ్బు పోగొట్టుకోకండి.

రెండో పని ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు), ఇది లిస్టు బతికి ఉండగానే వెయ్యాలి. ఒడిశాలో ఫారం ఏ ఉంటుంది, 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు, ఐడీ ప్రూఫ్ జిరాక్స్. ఒడియాలోనో ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, తెలుగులో తీసుకోరు, ఒడియా బాగా వచ్చినవాళ్ళ చేత రాయించుకోండి. "మాకెందుకు ఇవ్వలేదు" అని అడిగితే జవాబు రాదు, ఆర్టీఐలో వచ్చేది కాగితాలు, సంజాయిషీ కాదు. ఇలా అడగండి: ఫలానా నోటిఫికేషన్‌లో కేటగిరీ వారీగా ఎంతమందిని సిఫారసు చేశారు, ఎంతమంది చేరారు, ఎంతమంది చేరలేదు, చేరనివాళ్ళ సీట్ల గురించి డిపార్ట్‌మెంటుకీ కమిషన్‌కీ మధ్య నడిచిన ఉత్తరాల కాపీలు తేదీలతో సహా, లిస్టు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రూలు కింద, నింపకూడదని నిర్ణయించి ఉంటే ఆ ఫైల్ నోటింగ్ (ఫైల్లో ఆఫీసర్లు రాసుకున్న మాటలు) కాపీ. ఈ ఉత్తరాల తేదీలే మీ ప్రాణం. లిస్టు ఉండగానే డిపార్ట్‌మెంట్ ఖాళీ ఉందని రాసి, కమిషన్ ఫైలు పక్కన పడేసి గడువు దాటించిందని కాగితంలో దొరికితే కేసు రంగే మారిపోతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫస్ట్ అప్పీల్‌కి ఇంకో 30 రోజులు టైం. మహారాష్ట్ర వైపు, సిరొంచ, రాజురా, కిన్వట్ వాళ్ళకి ఒక మాట, మీ దగ్గర దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకటే విషయం ఉండాలి, లేకపోతే తిప్పి పంపుతారు.

ఆర్టీఐ జవాబు కోసం ఆగకుండా రిప్రజెంటేషన్ (రాతపూర్వక విన్నపం) కూడా ఇచ్చెయ్యండి. కమిషన్ పేర్లు పంపుతుంది, ఆర్డర్ ఇచ్చేది డిపార్ట్‌మెంటు, కాబట్టి ఇద్దరికీ ఇవ్వాలి, ఒకరికిస్తే ఇద్దరూ మాది కాదంటారు. చేత్తో ఇస్తే మీ కాపీ మీద స్టాంపు, డైరీ నంబరు, తేదీ వేయించుకోండి, లేకపోతే స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. ఒకటి ఇచ్చాక గుర్తుచేస్తూ ఇంకొకటి చాలు. మూడేళ్ళు వరసగా ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే టైం ఆగదు, పాత విషయం మీద కొత్త రిప్రజెంటేషన్ ఇచ్చినంతమాత్రాన గడువు మళ్ళీ మొదలవదని సి. జాకబ్ కేసులో 2008లోనే చెప్పేశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, మన పిల్లలు మర్యాదగా అడుగుతూ అడుగుతూ టైం పోగొట్టుకుంటారు.

ఇక కోర్టు. గడువు లోపల పిటిషన్ పడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. లిస్టు ఉండగా కేసు వేసి, కేసు నడుస్తుండగా లిస్టు గడువు అయిపోతే, ఆ ఒక్క కారణంతో కాదనకూడదని రామ్ స్వరూప్ సరోజ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీకు గొడుగు, కానీ వాన రాకముందే తెరవాలి. కేసు వేసేటప్పుడే ఒక పోస్టు ఖాళీగా ఉంచమని మధ్యంతర ఆర్డర్ అడగమని వకీలుకి చెప్పండి, లేకపోతే మీరు గెలిచేసరికి ఆ సీటులో ఇంకొకరు ఉంటారు. మీరు గెలిస్తే ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్ళనీ పార్టీలుగా చేర్చాలి, చేర్చకపోతే ఆ ఒక్క లోపం మీదే కొట్టేస్తారు.

ఎక్కడ వెయ్యాలి అంటే, ఒడిశా స్టేట్ ఉద్యోగాలకి ఇప్పుడు నేరుగా కటక్ హైకోర్టు. ఇదివరకు సర్కారీ ఉద్యోగాల కేసులు చూసే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది, 2019లో తీసేశారు. రైల్వే, పోస్టల్ లాంటి సెంట్రల్ ఉద్యోగాలైతే క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) కటక్ బెంచ్. మహారాష్ట్రలో స్టేట్ పోస్టులకి మ్యాట్ (మహారాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) ఉంది, గడ్చిరోలి, చంద్రపూర్ వాళ్ళకి నాగపూర్ బెంచ్, నాందేడ్ వాళ్ళకి ఔరంగాబాద్ బెంచ్, ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అంటున్నారు. ట్రిబ్యునల్‌లో లెక్క గట్టిగా ఉంటుంది, కాదన్న ఆర్డర్ వచ్చిన రోజు నుంచి ఏడాది. రూల్ ప్రకారం పెట్టుకున్న అప్పీలుకో రిప్రజెంటేషన్‌కో జవాబు రాకపోతే ఆరు నెలలు చూసి, అక్కడి నుంచి ఏడాది. హైకోర్టులో ఇలా తేదీ కట్టలేదు గానీ ఆలస్యానికి కారణం అడుగుతారు, "ఆశతో ఎదురుచూశాం" అంటే సరిపోదు.

గడువు ఇప్పటికే దాటిపోయినవాళ్ళకి తలుపులన్నీ మూసుకోలేదు. తప్పు మీది కాకుండా వాళ్ళది అయితే ఒక దారి ఉంది. మహారాష్ట్ర కరెంటు బోర్డులో పురుషోత్తం అనే అభ్యర్థిని సెలెక్ట్ చేసి కూడా, తప్పు కారణంతో పోస్టు ఇవ్వకుండా ఆపేశారు, ఆ లోపల ప్యానెల్ గడువు అయిపోయింది, సీటులో ఇంకొకరు చేరిపోయారు. 1999లో సుప్రీంకోర్టు ఆ రెండు సాకులూ ఒప్పుకోలేదు, తప్పు బోర్డుది, దానికి ఈయన ఎందుకు నష్టపోవాలి అంది. మన పిల్లలకి ఇది చాలా దగ్గర, ఎందుకంటే తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి డీవీ (సర్టిఫికెట్ల పరిశీలన)లో ఎంఈ స్టాండర్డ్ (ఏడో తరగతి స్థాయి) ఒడియా సర్టిఫికెట్ దగ్గరే గొడవ వస్తుంది. సర్టిఫికెట్ ఉండి కూడా కాదంటే అక్కడికక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, నోటితో చెప్పి బయటికి రావొద్దు.

పక్కవాళ్ళు కేసు వేశారు, వాళ్ళు గెలిస్తే మనకీ వస్తుందిలే అని మాత్రం కూర్చోకండి. అరవింద్ కుమార్ శ్రీవాస్తవ కేసులో 2014లో ఇలా గట్టుమీద కూర్చుని తర్వాత వచ్చినవాళ్ళు ఓడిపోయారు. అలాగే గ్రూపుల్లో తలా ఇంత వసూలు చేసి "కేసు వేస్తే జాబ్ గ్యారంటీ" అనేవాళ్ళకి డబ్బు ఇవ్వొద్దు, గ్యారంటీ అన్న మాట ఏ మంచి వకీలూ అనడు. ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, జిల్లా కోర్టులోనే లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు నోటిఫికేషన్ మొత్తం, అడ్మిట్ కార్డు, మీ పేరున్న లిస్టు పేజీ, డీవీ రసీదు, కేటగిరీ సర్టిఫికెట్, రిప్రజెంటేషన్ స్టాంపు కాపీ, ఆర్టీఐ జవాబు, ఇవన్నీ తేదీ వరసలో పెట్టి రెండు సెట్లు జిరాక్స్ తీసుకెళ్ళండి. వెబ్‌సైట్‌లో ఉందిలే అనుకోవద్దు, పాత లిస్టులు తీసేస్తుంటారు, ఈ రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.