శనగ బ్లైట్ శిలీంధ్రం జత కడుతోందా? ఇలా తేల్చండి

శనగ బ్లైట్ తెగులు తెచ్చే శిలీంధ్రం ఆస్కోకైటా రాబియై మీద పని మొదలుపెట్టినవాళ్లు, డీఎన్ఏ ముక్కల్ని పెంచి చూసే పీసీఆర్‌లో రెండు మేటింగ్ టైపులూ (జత కట్టాలంటే కలవాల్సిన రెండు రకాలు) కనబడగానే "లైంగిక పునరుత్పత్తి ఉంది" అని రాసేస్తుంటారు. తొందరపడకండి, అవి రెండూ ఒకే జిల్లాలో ఉన్నంత మాత్రాన కలుస్తున్నట్టు కాదు.

ముందు శాంపిళ్లు. రాయలసీమలోనో ప్రకాశంలోనో వెతికితే బ్లైట్ పెద్దగా దొరకదు, అక్కడి రైతు బాధ ఎక్కువగా ఎండు తెగులుతోనే. బ్లైట్‌కు 20 డిగ్రీల దగ్గరి చల్లదనం, తడి ఆరనివ్వని వాన కావాలి కాబట్టి పంజాబ్, హిమాచల్ వైపు చూడండి. ఆకు మీద, కాయ మీద గుండ్రటి మచ్చలో వలయాలుగా నల్ల చుక్కలుంటాయి. అవి అలైంగిక సిద్ధబీజాల తిత్తులు, వాటిని చూసి మోసపోవద్దు. మొక్కకు ఒక్క మచ్చే తీసుకుని, ఒక్క సిద్ధబీజం నుంచి కల్చర్ పెంచండి.

పీసీఆర్‌కి 2003లో వచ్చిన మల్టీప్లెక్స్ ప్రైమర్లు (రెండు టైపుల్నీ ఒకే పరీక్షలో పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) చాలు: ఒక టైపు మ్యాట్1-1కి సుమారు 700, రెండోది మ్యాట్1-2కి సుమారు 500 బేస్ జతల దగ్గర బ్యాండ్ వస్తుంది. తర్వాత లెక్క. స్వేచ్ఛగా జత కట్టే చోట రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఉదాహరణకు 60లో 32, 28 వస్తే సరే. 51, 9 వస్తే కైస్క్వేర్ (సమాన వాటా నుంచి తేడా ఎంతో చెప్పే గణాంక లెక్క) 29 దాటుతుంది, 3.84 దాటితేనే తేడా ఉన్నట్టు. అయితే ఆ 51 జత కట్టకుండా పెరిగిన ఒకే క్లోన్ కాపీలు కావచ్చు, అందుకే మైక్రోశాటిలైట్లు (ఐసోలేట్లను, అంటే విడదీసి పెంచిన కల్చర్లను, వేరుచేసి చూపే డీఎన్ఏ గుర్తులు) చేసి ఒక్కో జన్యురూపాన్ని ఒక్కసారే లెక్కపెట్టండి. చాలామంది ఈ మెట్టే ఎగ్గొడతారు.

ల్యాబ్‌లో జత కట్టించాలంటే ఆటోక్లేవ్ చేసిన శనగ కాండం ముక్కల్ని రెండు టైపుల సిద్ధబీజాలు కలిపిన నీళ్లలో ముంచి, తడి ఫిల్టర్ పేపర్ మీద, చీకట్లో, 10 డిగ్రీల దగ్గర రెండు నెలలు ఉంచండి. పక్కనే ఒక్కో టైపునే వేసిన ముక్కలూ పెట్టండి, అవి గొడ్డుగా మిగలాలి. కలిపిన ముక్కల మీది నల్లటి ఫలదేహాన్ని స్లైడు మీద చిదిమితే ఒక్కో సంచిలో 8 బీజాలు, ఒక్కోటీ రెండు కణాలతో కనిపిస్తాయి.

అసలు సాక్ష్యం మాత్రం చలికాలమంతా చేలో పడి ఉన్న శనగ కట్టె మీదే దొరకాలి. 1936లో బల్గేరియాలో ఈ లైంగిక దశను మొదట వర్ణించిందీ అలాంటి కట్టె మీదే.

జత కట్టడం లేదని తేలితే రైతుకు టెన్షన్ లేదని మాత్రం రాయకండి. ఆస్ట్రేలియాలో దాదాపు ఒక్క మేటింగ్ టైపే ఉంది, వైవిధ్యమూ తక్కువే, అయినా తట్టుకునే రకాల్ని దెబ్బతీసే ఉధృతమైన ఐసోలేట్లు అక్కడ పుట్టుకొచ్చాయి.