మంచు నుంచి ఫ్లడ్ లైట్ల దాకా: పాఠశాల క్రీడలను ఫొటో తీయడం ఎలా?

అండర్-14, అండర్-17 జట్ల కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పోటీలు మన దగ్గర చాలావరకు ఏదో ఒక ఉన్నత పాఠశాల మట్టి మైదానంలో, సున్నంతో గీసిన కోర్టుల మీద జరుగుతాయి. ఉదయం ఏడింటికి మంచులో మొదలైన పోటీలు నడినెత్తి ఎండలోను, చెట్ల నీడలోను సాగి, ఫైనల్‌కు వచ్చేసరికి నాలుగు స్తంభాలకు కట్టిన దీపాల కింద ముగుస్తాయి. వెలుగు ఒకే రోజులో ఇన్ని రకాలుగా మారే చోట ఉదయం పెట్టిన సెట్టింగు మధ్యాహ్నానికి పనికిరాదు. ఏ కెమెరా కొనాలన్నది అందరూ అడిగే ప్రశ్నే అయినా, వెలుగు ఎటునుంచి వస్తోంది, దాన్నిబట్టి ఎక్కడ కూర్చోవాలి అన్నవే చిత్రాన్ని నిర్ణయిస్తాయి.

ముందుగా స్థిరపరచుకోవలసింది షట్టర్ వేగం, అంటే కెమెరాలోకి వెలుగు వచ్చే వ్యవధి. పరుగూ పట్టూ స్పష్టంగా నిలవాలంటే 1/1000 సెకను కావాలి. వెలుగు చాలనప్పుడు 1/500 వరకు దిగవచ్చు గాని, ఇంకా దిగితే చేతులూ కాళ్ళూ చెదిరిపోతాయి. ఆ వేగాన్ని నిలుపుకోవడానికి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచవలసి వస్తే సంకోచించకుండా పెంచాలి, ఎందుకంటే గరుకుగా వచ్చిన చిత్రాన్ని తరువాత కొంతవరకు సవరించుకోవచ్చు గాని, చెదిరిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మదగినట్టుగా తిరిగి తేలేదు. కదిలే మనిషిని వెంబడించే ఫోకస్ పద్ధతిని ఎంచుకోవాలి. కానన్‌లో దాన్ని ఏఐ సర్వో లేదా సర్వో అని, నికాన్, సోనీలలో ఏఎఫ్-సీ అని అంటారు. లెన్సు విషయానికి వస్తే, 70-200 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 అందరూ కోరుకునేదే (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి ఎక్కువ వెలుగు వస్తుంది). అయితే కబడ్డీ కోర్టు పురుషుల పోటీలలో సైతం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మించదు కాబట్టి, తక్కువ ధరకు దొరికే 85 ఎఫ్ 1.8 లెన్సుతో రాత్రి మ్యాచ్‌లను కూడా చక్కగా తీయవచ్చు. పగటి వెలుగులో కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సు చాలు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తర తెలంగాణలోను, మన్యం ప్రాంతంలోను ఉదయపు పోటీలు మంచులో మొదలవుతాయి. తెల్లగా పరచుకున్న మంచును చూసి కెమెరా వెలుగు ఎక్కువగా ఉందని భ్రమపడి చిత్రాన్ని బూడిద రంగుకు దించేస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను, అంటే చిత్రానికి అందే వెలుగును, మూడింట రెండు వంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు పెంచుకోవాలి (ఒక స్టాప్ పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం). దూరం నుంచి జూమ్ చేస్తే మధ్యలో ఉన్న మంచంతా చిత్రంలోకి వస్తుంది. అందువల్ల వీలైనంత దగ్గరకు వెళ్ళడమే మార్గం. సూర్యుడు పైకి వస్తున్నప్పుడు ఎదురు వెలుగులో పరుగు పందెం తీస్తే, వెనుక మెరిసే మంచు మీద పిల్లల ఆకారాలు నల్లగా, స్పష్టంగా నిలుస్తాయి. మంచు విడిపోగానే పెంచిన ఎక్స్‌పోజర్‌ను తిరిగి సున్నాకు తీసుకురావాలి. నేను ఒకసారి ఆ సంగతి మరచి, పదకొండు గంటల వరకు ఒక స్టాప్ పెంచిన కొలతతోనే తీశాను; తెల్ల బనీన్లు వేసుకున్న జట్టు మొత్తం నంబర్లు కూడా కనిపించనంతగా వెలిసిపోయింది.

అసలు కష్టం మధ్యాహ్నపు ఎండతో వస్తుంది. సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకొని ఫొటో తీయాలన్న పాత సలహా ఉదయం, సాయంత్రం పనికివస్తుంది గాని, పన్నెండు గంటలకు అక్కరకు రాదు. అప్పుడు వెలుగు నిలువుగా పడి కనుబొమల కింద నల్లని గుంటలు ఏర్పడతాయి. కళ్ళు కనిపించని ముఖంలో భావమూ కనిపించదు. పదకొండు లోపల, మూడు తరువాత, సూర్యుడు ఆటగాళ్ళ వెనుక ఉండేటట్లు కూర్చొని, ముఖమంతా ఒకే రకమైన నీడలో ఉండగా ఎక్స్‌పోజర్‌ను సుమారు ఒక స్టాప్ పెంచి తీయడం మేలని నా అనుభవం. ఆకాశం తెల్లబడుతుంది, దాని గురించి బాధపడనవసరం లేదు. పన్నెండు నుంచి రెండింటి మధ్య సాయం చేసేది నేల. లేత రంగు మట్టి, ఇసుక వెలుగును పైకి తిప్పికొడతాయి కాబట్టి, నడుము వంచి నిలిచిన కబడ్డీ ఆటగాడి ముఖానికి కింది నుంచి మెత్తని వెలుగు అందుతుంది. మనమూ నేల మీద కూర్చొని తీస్తే అది చిత్రంలోకి వస్తుంది. గట్టి ఎండలో ఐఎస్‌ఓ 200, ఎఫ్ 5.6, 1/1600 సెకను అన్నది నమ్మదగిన ఆరంభం.

సగం కోర్టు మీద వేపచెట్టు నీడో, షామియానా నీడో పడుతుంటే ఆటోమేటిక్ కొలతను నమ్మకూడదు. ఎండ భాగాన్నో, నీడ భాగాన్నో ఒకదాన్ని ఎంచుకొని, మాన్యువల్‌గా దానికి సరిపడే కొలత పెట్టి, ఆట అక్కడికి వచ్చినప్పుడు మాత్రమే తీయాలి. చిత్రాల సంఖ్య తగ్గుతుంది గాని, మిగిలినవన్నీ పనికివచ్చేవే అవుతాయి. వేసవి శిబిరాల్లో మరో చిక్కు ఉంది. కాగిన నేల మీద నుంచి లేచే వేడిగాలి వల్ల మైదానం అవతలి అంచున ఉన్నవారు నీళ్ళలో కదులుతున్నట్టు కనిపిస్తారు. అది ఫోకస్ లోపం కాదు, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా పోదు. దగ్గరకు వెళ్ళాలి లేదా ఉదయమే తీయాలి.

ఆట నియమాలు తెలిసినవారికి వెలుగును వాడుకోవడం తేలిక. కబడ్డీలో రైడర్ ముఖం కావాలంటే ఎదుటి జట్టు ఎండ్ లైన్ వెనుక ఉండాలి. అవుటైనవారు కూర్చునే చోటు కూడా అక్కడే కాబట్టి మూలకు జరిగి, రిఫరీకి అడ్డు రాకుండా కూర్చోవాలి. పట్టుబడ్డ రైడర్ మధ్యగీత వైపు చేయి చాచే దృశ్యం మాత్రం అక్కడి నుంచి రాదు. అప్పుడు అతని వీపే కనిపిస్తుంది. దానికి పక్క గీత దగ్గర, మధ్యగీతకు కాస్త అవతలగా ఉంటే చాచిన చేయి, గీత, వెనుక వేలాడే డిఫెండర్లు అన్నీ ఒకే చిత్రంలో ఒదుగుతాయి. ఒక్కొక్క కూతకు గడువు 30 సెకన్లే కనుక, మొదటి పది సెకన్లలో మెమరీ కార్డు నింపుకోనవసరం లేదు. విరామం తరువాత జట్లు స్థానాలు మార్చుకుంటాయి కాబట్టి, వెలుగు బాగున్న మూలను ఒకసారి పట్టుకుంటే మనం కదలకుండానే రెండు జట్లూ మన ముందుకు వస్తాయి.

ఖోఖోలో తరిమే ఆటగాడు ఒకసారి ఒక వైపు పరుగు మొదలుపెడితే స్తంభం దాటే దాకా వెనుదిరగకూడదు. ఈ ఒక్క నియమమే ఫొటోగ్రాఫర్‌కు సగం పని చేసిపెడుతుంది. స్తంభం మీద ముందుగానే ఫోకస్ నిలిపి, దాన్ని మార్చకుండా వేచి ఉంటే, స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకొని ఒరిగి రెండో చేత్తో రన్నర్‌ను తాకే క్షణం ఫోకస్ తప్పకుండా దొరుకుతుంది. వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవారి ముఖాన్ని అవతలి కోర్టు వైపు నుంచి తీసేటప్పుడు ఫోకస్ వల మీద చిక్కుకుంటుంది కాబట్టి, ఒక్క చిన్న ఫోకస్ బిందువునే వాడాలి.

వానాకాలానికి పెద్ద సరంజామా అవసరం లేదు. జాతీయ క్రీడా దినోత్సవమైన ఆగస్టు 29 మన వానల మధ్యలోనే వస్తుంది కనుక, ఆ వారంలో మైదానానికి వెళ్ళేవారు ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక పొడి తువ్వాలు, లెన్సు హుడ్ దగ్గర ఉంచుకుంటే చాలు. చినుకులు గీతలుగా కనిపించాలంటే 1/250, ముత్యాల్లా నిలవాలంటే 1/1000, రెండింటికీ వెనుక ముదురు రంగు చెట్టో గోడో ఉండాలి. కోస్తాలోని ఉక్కకు మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. ఏసీ కారులోనుంచి చల్లబడిన కెమెరాను ఒక్కసారిగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తీయకుండా దాన్ని అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.

డిసెంబరు మొదట్లో హైదరాబాదులో 5:40 ప్రాంతంలోనే పొద్దుగుంకుతుంది, సెమీఫైనళ్ళు సరిగ్గా ఆ వేళకే జరుగుతాయి. నిమిషనిమిషానికి తగ్గే ఆ వెలుగులో ఆటో ఐఎస్‌ఓ పెట్టి, కనీస షట్టర్ వేగాన్ని 1/640 దగ్గర కట్టడి చేస్తే మన దృష్టి ఆట మీదే ఉంటుంది. దీపాలు వెలిగాక ఎఫ్ 2.8, 1/500, ఐఎస్‌ఓ 6400 దాకా వెళ్ళవలసి రావచ్చు. అదే ఎఫ్ 5.6 లెన్సుతో అయితే ఐఎస్‌ఓ 25600 కావాలి. దీపాలకు మరో గుణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకు వల్ల వరుసగా తీసిన పది చిత్రాల్లో నాలుగు మసకగా, పసుపుగా రావచ్చు, అది కెమెరా చెడిపోవడం కాదు. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే వాడాలి. చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్‌ను ఆపి మెకానికల్ షట్టర్‌కు మారితే అడ్డంగా పడే చారలు చాలావరకు తగ్గుతాయి. వైట్ బ్యాలెన్స్‌ను (దీపాల రంగుకు తగ్గట్టు తెలుపును తెలుపుగా చూపే సవరణను) ఆటోకు వదలకుండా, కోర్టు మధ్యలో తెల్ల కాగితం పట్టించి కొలుచుకోవాలి. స్తంభాల దగ్గర వెలుగు, మధ్యలో చీకటి ఉండే కోర్టుల్లో, మ్యాచ్‌కు ముందు నాలుగు మూలలా ఒక్కొక్క చిత్రం తీసి చూసుకొని, వెలుగున్న చోటికే ఆట వచ్చేదాకా ఆగడం మంచిది. ఫ్లాష్ మాత్రం ఎప్పుడూ వాడకూడదు. పట్టు కోసం కాచుకున్న పిల్లవాడి కళ్ళలో అది పడితే నష్టం మన చిత్రానికి కాదు, అతని ఆటకు.

పిల్లలందరూ 18 ఏళ్ళ లోపువారు కాబట్టి, ప్రధానోపాధ్యాయుల, తల్లిదండ్రుల అనుమతి పోటీకి ముందే తీసుకోవాలి. పీఈటీ గారితో ముందురోజే మాట్లాడితే మ్యాచ్‌ల వరుస, ఏ కోర్టులో ఏది జరుగుతుంది అన్నవి కూడా తెలుస్తాయి. బట్టలు చెదిరిన, గాయపడి ఏడుస్తున్న చిత్రాలను ఎవరూ అడగకముందే తొలగించాలి. ఇంటికి చేరాక లెన్సు తీయకముందు బ్లోయర్‌తో కెమెరా మీది ఎర్రమట్టిని ఊదివేయాలి, ఎందుకంటే తడిగుడ్డతో తుడిస్తే ఆ మట్టి జూమ్ రింగు సందుల్లోకే చేరుతుంది. వానలో తడిసిన రోజున బ్యాటరీ, కార్డు తీసి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనిచ్చి, ఆ తరువాతే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి.