యూకేలో చదువుతూ మానవ హక్కుల సంస్థకు వాలంటీర్‌గా వెళ్లే ముందు

సాయం చేయాలనుకోవడం చాలా మంచిది, కానీ ఫారం నింపే ముందు ఇవి చూసుకోండి.

ముందు వీసా. డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకి టర్మ్ టైమ్‌లో మామూలుగా వారానికి 20 గంటలే పని కదా (వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా), జీతం లేకపోయినా ఒప్పందం ఉండి, ఫలానా టైముకి వచ్చి ఫలానా పని చేయాల్సిందే అంటే ఆ గంటలూ అందులోకే వస్తాయి. ఒప్పందం లేకుండా, ఉద్యోగి స్థానంలో కూర్చోబెట్టకుండా, బస్ చార్జీలు, భోజనం ఖర్చు మాత్రమే ఇస్తే అది వేరే లెక్క, ఆ గంటలు ఈ 20లోకి రావు. మీది ఏ రకమో మెయిల్‌లో రాయించుకుని యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో చూపించండి.

ఇమిగ్రేషన్ సలహా మాత్రం ఇవ్వొద్దు. యూకే 1999 ఇమిగ్రేషన్, శరణు చట్టం ప్రకారం అర్హత లేకుండా ఇస్తే నేరం. శరణు కోరి వచ్చినవాళ్లు హోమ్ ఆఫీస్ (వీసాలు, శరణు చూసే యూకే ప్రభుత్వ శాఖ) ఉత్తరం చేతిలో పెట్టి "ఇప్పుడేం చేయాలి భయ్యా" అని కళ్లలోకి చూస్తూ అడుగుతారు, ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది, చెప్పకండి. మీ ఒక్క తప్పు మాటతో వాళ్ల గడువు దాటిపోవచ్చు. నేరుగా అక్కడి అడ్వైజర్ దగ్గరికి తీసుకెళ్లండి.

వాళ్ల ఫోటోలు, పేర్లు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. వాళ్ల కుటుంబం ఇంకా వాళ్లు వదిలి వచ్చిన దేశంలోనే ఉండొచ్చు.

నిరసనకి వెళ్తే పోలీసులు పెట్టిన షరతులు ముందే చదవండి, పోలీస్ కాషన్ (కోర్టుకు వెళ్లకుండా పోలీసులు రికార్డులో పెట్టే అధికారిక హెచ్చరిక) పడినా తర్వాతి వీసా అప్లికేషన్‌లో చెప్పాలి. లాయర్ నంబర్ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, అరెస్టయితే ఫోన్ మీ దగ్గర ఉండనివ్వరు.