పిల్లలతో అస్థిపంజరం బొమ్మలు: ముందు తడిమి చూడనివ్వండి, తర్వాత రంగులివ్వండి

మా పాపకు ఐదేళ్లప్పుడు అస్థిపంజరం బొమ్మ చేద్దామని కూర్చుంటే మా అత్తగారు "ఎందుకమ్మా అవి, రాత్రి పిల్ల జడుసుకుంటుంది" అన్నారు. పాప జడుసుకోలేదు. గీయకముందే తన మోచేయి, మోకాలి చిప్ప, దవడ తానే తడిమి చూసుకుంది, ఇక అది దెయ్యం బొమ్మ ఎందుకవుతుంది, తన బొమ్మే కదా. అందుకే నెట్‌లో దొరికిన పుర్రె బొమ్మ ప్రింట్ తీసి "రంగులెయ్యి" అని చేతికిచ్చేయడం నాకు నచ్చదు.

చేతితో మొదలుపెట్టండి. దళసరి డ్రాయింగ్ షీట్ మీద పిల్ల చెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో లైట్‌గా గీయండి. తర్వాత ఒక్కో వేలూ మడిచి, ఎముకలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో పట్టుకుని చూడమనండి. బొటనవేలికి రెండు, మిగతా వేళ్లకు మూడేసి, అంటే వేళ్లకే 14, అరచేతిలో 5, మణికట్టులో గులకరాళ్లలాంటివి 8, మొత్తం 27. ఇప్పుడు క్రేయాన్స్ డబ్బాలో ఎప్పుడూ అరగకుండా మిగిలిపోయే తెల్ల రంగు బయటికి తీయండి, కొవ్వొత్తి ముక్కైనా పనికొస్తుంది. దాంతో ఎముకలన్నీ గట్టిగా నొక్కి గీయాలి, ఎముకకీ ఎముకకీ మధ్య కాస్త ఖాళీ వదలాలి. తెల్ల కాగితం మీద తెల్ల గీత కనపడక పిల్లలు విసుక్కుంటారు, షీటును కిటికీ వైపు వాలుగా పట్టుకుంటే గీసినచోట మెరుస్తుంది. ఆ తర్వాత నీలం వాటర్ కలర్‌లో చుక్క నలుపు కలిపి, పల్చగా, వెడల్పు బ్రష్‌తో ఒక్కసారే పూసేయండి. మైనం మీద నీళ్లు నిలవవు కాబట్టి ఎముకలు తెల్లగా బయటపడతాయి, అచ్చం ఎక్స్‌రేలాగే. ఎక్స్‌రేలను కనిపెట్టిన శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895లో తీసిన తొలి ఎక్స్‌రేల్లో ఒకటి ఆయన భార్య చెయ్యే, వేలికి ఉంగరం కూడా కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పగానే మా పాప తన బొమ్మకూ స్కెచ్ పెన్‌తో ఉంగరం పెట్టేసింది. ప్రింటర్ కాగితం మాత్రం వద్దు, మేం మొదటిసారి అదే వాడితే తడికి ఉబ్బి బొటనవేలి దగ్గర చిరిగింది, పాప ఏడ్చినంత పని చేసింది.

మొత్తం అస్థిపంజరానికి నల్ల చార్ట్, ఇయర్ బడ్స్, ఫెవికాల్, తెల్ల దారం, గుప్పెడు మినపగుళ్లు చాలు. పిల్లను ముందుకు వంచి వీపు మధ్యలో వేలు పెట్టి చూపించండి, వెన్నుపూసలు గింజల్లా తగులుతాయి. అవే మన మినపగుళ్లు. చార్ట్ మీద ఫెవికాల్‌తో నిలువుగా గీత గీసి 24 గింజలు వరసగా పేర్చండి. పైన 7 మెడవి, వాటిని ఖాళీగా వదలండి, జిరాఫీకి కూడా మెడలో ఉండేవి ఏడే అని చెబితే పిల్లలు నమ్మరు. తర్వాతి 12 గింజలకు రెండు పక్కలా దారంతో పక్కటెముకలు వంపుగా అతికించాలి, కింది 5 నడుముకి. వాటి కింద తెల్ల కాగితంతో సీతాకోకచిలుక ఆకారంలో కటి ఎముక కత్తిరించి పెట్టండి, పైన పుర్రె కూడా కాగితందే. తొడకు నిండు బడ్ ఒకటి, ఎందుకంటే ఒంట్లో అన్నిటికంటే పొడవైన ఎముక అదే. మోకాలి కింద రెండు బడ్స్ పక్కపక్కన, భుజం నుంచి మోచేతికి ఒకటి, ముంచేతికి రెండు, ఇవన్నీ కొంచెం కత్తిరించి పొట్టివి చేయాలి. అరచెయ్యి తిప్పినప్పుడు ఆ రెండు ఎముకలు ఒకదానిమీదొకటి ఎలా వెళతాయో ముంచేయి పట్టుకుంటే తెలుస్తుంది, చేయించి చూడండి. రాత్రంతా బల్లమీదే ఆరనివ్వండి, ముందే నిలబెడితే గింజలు జారతాయి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు, చాక్‌పీసు చుక్కలతో సరిపెట్టేయండి.

ఈ పని మధ్యలో "మొత్తం ఎన్ని?" అని ఎలాగూ అడుగుతారు. పుట్టినప్పుడు దాదాపు 300, పెరుగుతున్న కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దయ్యేసరికి 206.

ఇక ఉత్త రంగులే కావాలనే పిల్లలుంటారు. వాళ్లకు మెక్సికో పుర్రె చాలా బాగుంటుంది. అక్కడ నవంబర్ 1, 2 తేదీల్లో పోయినవాళ్లను తలుచుకుంటూ, వాళ్ల ఫొటోల ముందు బంతిపూలు, చక్కెరతో చేసిన పుర్రెలు పెడతారు. మన గుమ్మాలకు కట్టుకునే బంతి కూడా అసలు ఆ వైపు నుంచి వచ్చిన మొక్కే. ఈ సంగతి ముందే చెప్పండి, పిల్లలు దాన్ని దెయ్యంలా కాకుండా ఎంతో ప్రేమగా గీస్తారు. పుర్రె ఆకారం మీరు గీసివ్వండి, కళ్ల గుంటల చుట్టూ రేకులు, నుదుట బంతిపువ్వు, బుగ్గల మీద ముగ్గులో లాంటి మెలికలు వాళ్లనే వేయనివ్వండి, ఎడమవైపు వేసిందే కుడివైపూ రావాలి. నల్ల స్కెచ్ పెన్ మాత్రం చివర్లోనే ఇవ్వండి, ముందిస్తే పసుపు, నారింజ రంగుల్లోకి పాకి మురికైపోతాయి. మా పాప చివర్లో ఆ నలుపుతో గీసింది వాళ్ల తాతయ్య కళ్లజోడు.