కారు ఇండికేటర్లలో పాత బల్బులు తీసి ఎల్ఈడీలు అమర్చుకోవడం ఎలా?

ఇండికేటరులోని పాత బల్బు తీసి ఎల్ఈడీ బల్బు పెట్టడం రెండు నిమిషాల పని. చిక్కంతా ఆ తరువాతే వస్తుంది. కొత్త బల్బు పెట్టి మీట నొక్కగానే, అంతవరకు తాపీగా వెలిగి ఆరుతున్న లైటు దాదాపు రెట్టింపు వేగంతో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. బల్బు నాసిరకమని చాలామంది దాన్ని తిట్టుకుంటారు గాని, తప్పు బల్బుది కాదు, కారుదీ కాదు. లోపల ఒక బల్బు మాడిపోయిందని కారు అనుకుంటోంది, ఆ సంగతిని తనకు తెలిసిన పద్ధతిలో మనకు చెబుతోంది.

సాధారణంగా ఒక్కో ఇండికేటర్ బల్బు 21 వాట్లది. 12 వోల్టుల దగ్గర అది సుమారు 1.75 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ముందు ఒకటి, వెనుక ఒకటి, పక్కన 5 వాట్ల చిన్న బల్బు కలిపితే ఒక వైపు మొత్తం నాలుగు ఆంపియర్లకు దగ్గరగా వస్తుంది. ఈ కరెంటును ఫ్లాషర్ రిలే, అంటే ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే చిన్న పరికరం, నిరంతరం కొలుస్తూ ఉంటుంది; ఒక పెద్ద బల్బు మాడిపోతే కరెంటు ఒక్కసారిగా దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి, డ్రైవరు గమనించేలా వేగం పెంచుతుంది. ఎల్ఈడీ తీసుకునే కరెంటు ఫిలమెంటు బల్బు తీసుకునే దానిలో చిన్న భాగం మాత్రమే అయినందువల్ల, అది ఎంత బాగా వెలుగుతున్నా రిలే లెక్కలో మాడిన బల్బే. బాగా పాత కార్లలో కరెంటు వేడికి వంగే లోహపు రేకుతో పనిచేసే రిలే ఉంటుంది. ఎల్ఈడీల కొద్దిపాటి కరెంటుకు ఆ రేకు వేడెక్కదు గనుక లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. కొత్త కార్లలో విడి రిలే ఉండదు, ఆ పని కంప్యూటరే చేస్తుంది. బల్బు ఉందో లేదో చూసుకోవడానికి అది అప్పుడప్పుడు పంపే చిన్న విద్యుత్ స్పందనలకే ఎల్ఈడీ మసకగా మెరుస్తూ, ఇండికేటర్ వేయకపోయినా వెలుగుతున్నట్లు కనిపించవచ్చు.

బల్బు కొనే ముందు పాతదాన్ని బయటికి తీసి, వెలుతురులో పట్టుకుని, దాని ఇత్తడి అడుగు మీద చెక్కిన అక్షరాలు చదవండి. పి21డబ్ల్యూ అని ఉంటే అది రంగులేని గాజు బల్బు, దాని పక్క పిన్నులు రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. పీవై21డబ్ల్యూ అని ఉంటే గాజు నారింజ రంగులో ఉంటుంది, పిన్నుల మధ్య కోణం 180 డిగ్రీలు కాక 150 డిగ్రీలు ఉంటుంది. రంగులేని బల్బును పొరపాటున అక్కడ పెట్టకుండా చేసిన ఏర్పాటది. పిన్నులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే అది రెండు ఫిలమెంట్ల బల్బు. ఇత్తడి అడుగే లేకుండా గాజు చివర పలచగా నొక్కినట్లుంటే అది నేరుగా గుచ్చే రకం. కారు మోడల్ పేరు చెప్పి కొనడం కన్నా ఈ అక్షరాలు చూసి కొనడం మేలు.

రంగు విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. లైటు అద్దమే నారింజ రంగులో ఉంది కదా అని తెల్ల ఎల్ఈడీ పెడతారు. తెల్ల ఎల్ఈడీ వెలుతురులో నీలం పాలు ఎక్కువ. ఆ అద్దం నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి బయటికి వచ్చేది వెలవెలబోయిన పసుపు మాత్రమే. ఫిలమెంటు వెలుతురులో ఎరుపు, నారింజ సహజంగానే మెండుగా ఉండడం వల్ల పాత బల్బుతో ఆ ఇబ్బంది లేదు. అద్దం తెల్లదైనా నారింజదైనా, నారింజ ఎల్ఈడీయే తీసుకోండి.

దీనికన్నా ముఖ్యమైనది ఎల్ఈడీ బల్బు మీద వెలుగునిచ్చే చిన్న చిప్పుల అమరిక. లైటు వెనుక ఉండే మెరిసే గిన్నె, ఫిలమెంటు ఉన్న ఒక్క బిందువును లెక్కలో పెట్టుకుని మలచినది. ఎల్ఈడీ చిప్పులన్నీ బల్బు కొన మీదే ఉంటే ఎదురుగా నిలబడినవాడి కళ్లు జిగేల్‌మంటాయి గాని, గిన్నె చీకటిగానే ఉండి పక్కనుంచి వచ్చేవాడికి సరిగా కనిపించదు. పాత బల్బును, కొత్త బల్బును పక్కపక్కన నిలబెట్టి చూడండి: ఫిలమెంటు ఉన్న ఎత్తులోనే, చుట్టూ చిప్పులు ఉండాలి. అనేక దేశాల్లో ఫిలమెంటు బల్బుకు ఆమోదం పొందిన లైటులో ఎల్ఈడీ పెట్టడాన్ని చట్టం అనుమతించకపోవడానికి కారణం ఇదే. కనుక మీ ప్రాంతపు వాహన నిబంధనలు, బీమా షరతులు ముందే చూసుకోండి.

ఇక అమర్చడం. ఇంజిన్ ఆపి, తాళం తీసి, బల్బులు చల్లారేదాకా ఆగండి. వెనుక లైటుకు డిక్కీ లోపలి లైనింగు పక్కకు తీస్తే, ముందు లైటుకు బానెట్ ఎత్తితే హోల్డరు వెనుక భాగం అందుతుంది. కొన్ని కార్లలో చక్రం పైనున్న ప్లాస్టిక్ కవచం విప్పాల్సి వస్తుంది. హోల్డరును ఎడమకు తిప్పి బయటికి లాగండి, పిన్నుల బల్బయితే లోపలికి నొక్కి తిప్పి తీయండి. హోల్డరులో పచ్చగా చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో గీకండి. కొత్త బల్బు పెట్టాక, అన్నీ బిగించకముందే ఒకసారి వెలిగించి చూడండి. గుచ్చే రకం వెలగకపోతే బయటికి తీసి అటుదిటు తిప్పి పెట్టండి, ఎల్ఈడీకి ప్లస్సు, మైనస్సు పట్టింపు ఉంటుంది. ఈ సంగతి తెలియక నేను మొదటిసారి ఫ్యూజుల పెట్టె మొత్తం వెతికాను. ఒక వైపు మాత్రమే మార్చి, ఎండలో కారుకు పది అడుగుల దూరంలో ఎదురుగా, ఆపైన పక్కగా నిలబడి రెండు వైపులనూ పోల్చండి. కొత్తది పాతదానికన్నా మసకగా కనిపిస్తే పాతవే తిరిగి పెట్టేయండి.

వేగం సరిచేయడానికి నా ఓటు రిలే మార్పుకే. ఇండికేటర్ వేసి, టిక్కు టిక్కుమనే చోటును చెవితోనో వేలితోనో పట్టుకోవచ్చు; సాధారణంగా డాష్‌బోర్డు కింద గాని, ఫ్యూజుల పెట్టెలో గాని ఉంటుంది. పాత రిలేకు ఎన్ని పిన్నులున్నాయో, ఏ పిన్ను ఎక్కడుందో చూసి, ఎల్ఈడీలకు పనికివచ్చే అలాంటి రిలేనే తెచ్చుకోవాలి. పిన్నుల దగ్గర 49 అని ఉంటే కరెంటు వచ్చేది, 49ఎ అంటే లైట్లకు పోయేది, 31 అంటే ఎర్తు. పాతది రెండు పిన్నులదైతే కొత్తదాని ఎర్తు వైరును కారు బాడీకి విడిగా కలపాలి. అయితే ఈ రిలే కరెంటు కొలవదు, బల్బు మాడినా వేగం మారదు. కాబట్టి లైట్లు వెలుగుతున్నాయో లేదో అప్పుడప్పుడు మీరే దిగి చూసుకోవాలి.

రిలే మార్చే వీలులేని కారులో లోడ్ రెసిస్టర్ ఒక దారి, అంటే పాత బల్బు తీసుకున్నంత కరెంటు తీసుకుని, బల్బు మాడలేదని కారును నమ్మించే నిరోధకం. సాధారణంగా వాడేది 6 ఓములు, 50 వాట్లది. దాన్ని ఇండికేటర్ వైరుకు, ఎర్తుకు మధ్య, అంటే బల్బుకు సమాంతరంగా కలపాలి. బల్బుతో వరుసలో కలిపితే ఉపయోగం లేదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 వోల్టుల దగ్గర అది 2.3 ఆంపియర్లు తీసుకుని సుమారు 32 వాట్ల వేడి పుట్టిస్తుంది, అంటే ఎల్ఈడీతో ఆదా చేసిన కరెంటంతా అక్కడ కాలిపోతుంది. సగం సేపే వెలుగుతుంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, చర్మం కాలడానికి అది చాలు. నేను ఒకసారి బద్ధకించి దాన్ని డిక్కీ లోపలి ప్లాస్టిక్‌కు టేపుతో అతికించాను. నాలుగు ఇండికేటర్లూ వేసి పది నిమిషాలు ఆగేసరికి కమురు వాసన వచ్చి, ప్లాస్టిక్ గుంటపడింది. వైర్లకు, ప్లాస్టిక్‌కు దూరంగా ఉక్కు బాడీకి స్క్రూలతో బిగించండి.

డాష్‌బోర్డులో కుడి ఎడమలకు కలిపి ఒకే బాణం దీపం ఉన్న పాత కార్లలో మరొక వింత జరగవచ్చు. ఆ దీపం గుండా కొద్దిగా కరెంటు అవతలి వైపుకు పోయి, ఒక వైపు ఇండికేటర్ వేస్తే నాలుగూ వెలుగుతాయి. ఆ దీపానికి వచ్చే రెండు వైర్లలో ఒక్కో డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) పెట్టి, రెంటినీ దీపం ఒకే కొసకు కలిపి, రెండో కొసను ఎర్తు చేస్తే అది ఆగిపోతుంది.

చివరి పరీక్ష ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి చేయాలి, ఎందుకంటే వోల్టేజీ మారుతుంది. హెడ్‌లైట్లు, బ్రేకు, ఇండికేటర్ ఒకేసారి వేసి, అర నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల ప్రకారం వేగం నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య ఉండాలి, కాబట్టి అర నిమిషానికి 30 నుంచి 60 దాకా ఫరవాలేదు. ఆపైన నాలుగు ఇండికేటర్లూ వేసి పావుగంట వదిలేసి, లైటు వెనుక చేయి పెట్టి వేడి చూడండి. లైటు చుట్టూ ఉండే రబ్బరు వాషరు సరిగా కూర్చోకపోతే మొదటి వానకే లోపల ఆవిరి పడుతుంది, అది కూడా చూసుకుని లైనింగు బిగించండి. తీసిన పాత బల్బులను గుడ్డలో చుట్టి డిక్కీలోని పనిముట్ల సంచిలో పెట్టుకోండి. ఎల్ఈడీ దారిలో పోతే, కొత్త రిలే మీద రాసిన వాట్ల పరిమితి సరిపోయినంతవరకు అవి అక్కడికక్కడే పెట్టుకోవడానికి పనికివస్తాయి.