క్యాలరీలు రాస్తున్నా బరువు తగ్గట్లేదా? ముందు నూనె ప్యాకెట్ చూడండి

సమస్య: యాప్‌లో రోజూ 1500 లోపే చూపిస్తోంది, నెల దాటినా బరువు అక్కడే ఉంది.

అన్నం తగ్గించే ముందు నూనె సంగతి చూడండి. మనం "బెండకాయ వేపుడు, ఒక కప్పు" అని రాస్తాం, యాప్ ఎవరో ఎక్కడో చేసిన వేపుడు లెక్క తీసి చూపిస్తుంది, మన మూకుట్లో ఎంత నూనె పడిందో దానికేం తెలుసు? పిండిపదార్థాలకీ మాంసకృత్తులకీ గ్రాముకి 4 క్యాలరీలైతే కొవ్వుకి 9. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే దాదాపు 120. మన గుంటూరు వంటలో వేపుడుకి నూనె, పప్పుకి తాలింపు, రోటి పచ్చడికి మళ్లీ తాలింపు, ఇవన్నీ కాక మొదటి ముద్దలో కారప్పొడి, నెయ్యి.

మా ఇంట్లో వంట అత్తయ్యగారిది. ఆవిడ స్పూన్‌తో కొలవరు, ప్యాకెట్ మూల కత్తిరించి నేరుగా మూకుట్లోకి వంచుతారు. కొలిచి పొయ్యమంటే నొచ్చుకున్నారు, నాకూ బాధనిపించింది. అందుకని ప్యాకెట్ మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసి ఊరుకున్నాం. నలుగురం, లీటరు ప్యాకెట్ తొమ్మిదో రోజుకి ఖాళీ. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, అంటే దాదాపు 8,190 క్యాలరీలు. మనిషికి రోజుకి 227. నేను రాస్తున్నది 45!

పరిష్కారం: మీరూ అలాగే తేదీ రాయండి, వచ్చిన అంకెని రోజూ "నూనె" అని విడిగా ఎక్కించండి. అప్పుడు కూరని కూరగా కాకుండా బెండకాయలు ఇన్ని గ్రాములు అని రాయాలి, లేకపోతే నూనె రెండుసార్లు పడుతుంది. ఆ తర్వాత ఇంట్లో అందరూ కలిసి ప్యాకెట్ పన్నెండు రోజులు వచ్చేలా చూసుకుంటే మనిషికి 170కి దిగుతుంది, వంట రుచి కూడా పెద్దగా మారదు. మేం ఇప్పుడు పదకొండు రోజుల దగ్గరున్నాం.

సమస్య: కాస్త అన్నం తింటేనే 700 క్యాలరీలు చూపిస్తోంది.

బియ్యం లెక్కలో అన్నం బరువు ఎక్కించారు. 100 గ్రాముల బియ్యం దాదాపు 350 క్యాలరీలు, వండాక నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి 100 గ్రాముల అన్నం 130కి అటూఇటూ. దీనివల్ల భయపడి అన్నం మానేసినవాళ్లని చూశాను, అనవసరంగా. ఖాళీ గిన్నె బరువు ఒక్కసారి తూచి గోడ మీద రాసిపెట్టుకోండి. 300 గ్రాముల బియ్యం పోస్తే మొత్తం 1,050 క్యాలరీలు, ఉడికాక గిన్నె బరువు తీసేస్తే అన్నం 850 గ్రాములు తూగిందనుకోండి, 100 గ్రాములకి 124 పడుతుంది. కంచంలో 200 గ్రాములు పెట్టుకుంటే 250 లోపే.

సమస్య: ఆదివారం బిర్యానీ తింటే సోమవారం పొద్దున్నే కిలో పెరిగింది.

అది కొవ్వు కాదు. కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 క్యాలరీలు అదనంగా తినాలి, ఒక్క పూటలో అంత తినలేం. ఉప్పు ఎక్కువైనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది, ఆవకాయ గట్టిగా కలుపుకున్న మర్నాడూ ఇంతే. ఆడవాళ్లకి నెలసరి ముందూ ఇలాగే పెరుగుతుంది. రోజూ ఒకే టైముకి చూసుకుని ఏడు రోజుల సగటు తీయండి, ఈ వారం సగటుని పోయిన వారం సగటుతోనే పోల్చండి. దయచేసి సోమవారం ఉపవాసం చేయకండి, ఆ రాత్రికి ఆకలి రెట్టింపై మళ్లీ మొదటికొస్తుంది.

సమస్య: ఇంట్లో అన్నీ సరిగ్గా రాస్తాను, సాయంత్రం లెక్క తప్పుతుంది.

విజయవాడలో ఆఫీసు వదిలాక బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడితే వేడి వేడి పునుగుల వాసన తగులుతుంది, నాకు తెలుసు. ఎన్ని తిన్నామో గుర్తుండదు, గుర్తున్నా ఎంత నూనె పీల్చాయో తెలీదు కాబట్టి రాయడం మానేస్తాం. తప్పంతా ఆ మానేయడంలోనే ఉంది. తినేముందే రాయండి, యాప్‌లో రెండు మూడు అంకెలు కనిపిస్తే పెద్దది తీసుకోండి. టీ కూడా మర్చిపోవద్దు: రోజుకి మూడు టీలు, రెండేసి చెంచాల పంచదార అంటే పంచదారే దాదాపు 120 క్యాలరీలు, పాలు వేరే.

సమస్య: లెక్క సరిపోతోంది కానీ నీరసం, కళ్లు తిరగడం, చిరాకు.

టార్గెట్ మరీ తక్కువ పెట్టుకున్నారు. డాక్టరు చెప్పకుండా 1200 కంటే కిందకి వెళ్లకండి, పప్పు, గుడ్లు, పెరుగు పెంచండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా తిండి తగ్గించడం ప్రమాదం, ముందు డాక్టరుని అడగండి. అంకెలు చూస్తే టెన్షన్ వచ్చి ముద్ద దిగట్లేదంటే యాప్ తీసేయండి, తిండంటేనే భయం పుడుతుంటే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పండి.

ఇవన్నీ సరిచేసుకుని మూడు వారాలు నిజాయితీగా రాసినా సగటు కదలకపోతే, అప్పుడు రోజుకి 150 క్యాలరీలు తగ్గించి చూడండి. అప్పటికీ లేదంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, వెళ్లేటప్పుడు ఆ మూడు వారాల లెక్క కూడా డాక్టరుకి చూపించండి.